ఏడింటికల్లా కొండ మీద

మా చాల్‌లో అంటే ఒంటిగదులు వరసగా ఉన్న పాత మేడలో, నల్లా నీళ్లు పొద్దున అయిదింటికి వస్తాయి, ఆరింటికి పోతాయి. రెండో అంతస్తులో తొమ్మిది గదులకూ ఆ నల్లా ఒక్కటే. మా గది వరండా చివర ఉంది కాబట్టి వరుసలో నాది ఆఖరు వంతు. మా మామ బతికున్న రోజుల నుంచి అదే ఏర్పాటు. మార్చమని అడిగితే తొమ్మిది గదుల వాళ్లూ తొమ్మిది రకాలుగా పోట్లాడతారు. నా ఆఖరి బిందె నిండి, ఇంట్లోకి చేరి, దాని మీద మూత పడేసరికి ఆరూ పది. అంతకుముందు గడప దాటలేను. అటు ఏడింటికల్లా కొండ మీద ఉండాలి. ఇక్కడ రాసేదంతా ఆ మధ్యలో ఉన్న యాభై నిమిషాల గురించే.

కొండ అంటే మలబార్ హిల్. అక్కడ ఒక పాత మేడలో నాలుగో అంతస్తులో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. ఆవిడను అందరూ బా అంటారు, గుజరాతీలో అమ్మ అని. నేనూ అట్లాగే పిలుస్తాను. పదకొండేళ్లుగా పొద్దుటి వంట నాది. బాకు చక్కెర జబ్బు. పొద్దున్నే పొట్టకు సూది వేసుకుంటుంది. వేసుకున్న అరగంటలో తినాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. ఒకసారి నేను రావడం ఆలస్యమై స్నానాల గది ముందు పడిపోయింది కూడా. అప్పటి నుంచి నన్ను గుమ్మంలో చూసిన తర్వాతే సూదిపెట్టె మూత తీస్తుంది.

ఆ వంటింటి సంగతి కూడా చెప్పాలి. మా గది మొత్తం ఎంతో ఆ వంటిల్లు అంత. కిటికీ తెరిస్తే సముద్రం. పప్పు ఉడికేలోపు నేను ఆ కిటికీ దగ్గర నిలబడి ఎన్ని పడవలు చూశానో లెక్క లేదు. ఏ డబ్బాలో ఏముందో బాకు తెలియదు, నాకే తెలుసు. నాది కాని ఇంట్లో నాదైన చోటు అది ఒక్కటే.

ఆరుంబావుకు మా గల్లీ చివర ఆగే బస్సు ఒకటుండేది. అది ఎక్కితే ఏడుకు పది నిమిషాలుండగానే కొండ మీద దిగేదాన్ని. ఒకరోజు ఆ బస్సు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు ఇంకో బస్సు కండక్టరును అడిగితే, దాని టైము మారిందనీ ఇప్పుడు ఏడింటికి బయలుదేరుతుందనీ చెప్పాడు. నడిస్తే గంటా పది పడుతుంది. రోజూ టాక్సీ ఎక్కితే నేను బాకు కాదు, టాక్సీవాడికి వంట చేసినట్టే. ఏడింటి బస్సులోనే పోసాగాను. నేను చేరేసరికి ఏడున్నర దాటేది. బా మెలకువగా, ఆకలిగా, సూదిపెట్టె పక్కన పెట్టుకుని కూర్చుని ఉండేది. వాచ్‌మన్ పెళ్లాం తెచ్చి ఇచ్చే బ్రెడ్డు ముక్క ఆవిడకు గొంతు దిగేది కాదు.

వారం చూసి బా నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది. ఆవిడ హిందీ, నా హిందీ రెండూ ఒకే రకం, అందుకని మా ఇద్దరికీ బాగా అర్థమవుతుంది.

"నీ మీద కోపం లేదు. కానీ నా ఒంటికి బస్సు టైము మారిందని ఎట్లా చెప్పను? కింది అంతస్తు వాళ్లు ఇంకో వంటావిడను చెప్పారు. ఈ మేడ వెనకే ఉంటుందట. నెలాఖరు దాకా చూస్తాను. ఏడింటికి రాగలిగితే నువ్వే. లేకపోతే ఒకటో తారీఖు నుంచి ఆవిడ."

ఆ రోజు డబ్బాలన్నీ తుడిచి పెట్టి వచ్చాను.

రాత్రి అన్నాల దగ్గర సంగతి చెప్పాను. మా ఇంట్లో నలుగురం: అత్త, మా ఆయన, కాలేజీకి పోయే కూతురు, నేను. మా ఆయన గోడలకు రంగులేస్తాడు. అన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే, "సైకిలు తొక్కు," అన్నాడు.

"నలభై ఆరేండ్లకా?"

"సైకిలు ఏమన్న నీ ఆధార్ కార్డు అడుగుతదా? రెండు చక్రాలు, ఒక గంట. నువ్వు గంట కొట్టు, కడమది అదే చూస్కుంటది."

"పప్పా! అమ్మ ఎస్కలేటర్ ఎక్కనీకే కండ్లు మూస్కుంటది," అన్నది కూతురు.

మా అత్త నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "ఎక్కనీయ్‌రా. పడితె కిందనే కద పడుతది, పైకేం పోదు కద."

అట్లా తీర్మానమైంది. మా ఆయనకు తెలిసిన రిపేరు దుకాణంలో పాత లేడీస్ సైకిలు ఒకటి పడి ఉంటే, ఆ దుకాణం షట్టరుకు రంగు వేసి ఇచ్చి దాన్ని తెచ్చాడు. మిగిలిన రంగు సైకిలుకూ వేశాడు. అందుకని నా సైకిలుదీ ఆ షట్టరుదీ ఒకటే నీలం.

మా గల్లీలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తోపుడు బండ్లు తక్కువ. రేకుపెట్టెలు చేసేవాళ్లు కూడా ఆ వేళకు సుత్తి పక్కన పెట్టి కునుకు తీస్తారు. నేర్చుకోవడానికి అదే సమయం. మా ఆయనకు పని లేని రోజున ఆయన, ఉన్న రోజున కూతురు క్యారియర్ పట్టుకునేవాళ్లు. చీర కుచ్చిళ్లు గొలుసులో పడతాయని కూతురి పాత పంజాబీ డ్రెస్ వేసుకున్నాను. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లకు వారం రోజులు వేరే కాలక్షేపం అక్కర్లేకపోయింది.

"ఏందక్కా, కాలేజీల పేరు రాయించినవా?"

"జరుగుండ్రే పిల్లలూ, డబుల్‌డెక్కర్ వస్తుంది!"

"వదినా, బ్రేకు కాలికి లేదు, చేతికుంది! కాలు ఎందుకు ఈడుస్తున్నవ్?"

నాలుగో రోజుకే నిలదొక్కుకున్నాను. అందరూ ఆశ్చర్యపోయారు గానీ మా అత్త పోలేదు. నేను ఈ ఇంటి కోడలినై వచ్చిన కొత్తలో ఆరేళ్లు ఆమె వెనకే కట్టడాల దగ్గర పనిచేశాను. ఘమేలా అని సిమెంటు, ఇసుక మోసే ఇనప తట్ట ఉంటుంది. దాన్ని నెత్తిన పెట్టుకుని వెదురు నిచ్చెనలు ఎక్కిన మనిషికి రెండు చక్రాల మీద పడిపోకుండా ఉండటం ఒక లెక్క కాదని ఆమె ధీమా. ఆ మాట నిజమే. అయితే అదే అలవాటు ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. బరువు మోసినన్నాళ్లూ మెడ తిప్పకూడదు కదా. సైకిలెక్కగానే నా మెడ దానంతటదే కర్రలా బిగుసుకునేది. వెనక నుంచి బండి వస్తున్నా సరే, చూపు ముందుకే.

"మెడ తిప్పే!" అని మా ఆయన వెనక నుంచి ఉరుకుతూ అరిచేవాడు. "వెనకకు చూడు!"

"తిప్పితె పడిపోతది!"

"ఏం పడిపోతది? నీ నెత్తి మీద ఏమున్నదని?"

ఏమీ లేదని నమ్మడానికి నాకు ఇంకో వారం పట్టింది.

ఇక దారి సంగతి. గల్లీలో గుండ్రంగా తిరగడం వేరు, గ్రాంట్ రోడ్ వంతెన దాటి, నానా చౌక్ దాటి, కొండ ఎక్కడం వేరు. కూతురు ఫోను తీసి దారి చూపించింది. నీలం గీత ఒకటి నానా చౌక్ నుంచి చౌపాటికి దిగి, సముద్రం ఒడ్డునే వంపు తిరిగి, మెల్లగా కొండకు ఎక్కుతోంది.

మా అత్త ఆ గీతను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసింది. "ఇదేందే, ఇంత చుట్టు తిప్పుతుంది?"

"సైకిలుకు ఇదే రోడ్డు చూపిస్తుంది అవ్వా."

"ఆ ఫోను ఎప్పుడన్న ఘమేలా మోసిందానే?"

"లేదవ్వా."

"మరి కొండ సంగతి దానికేం ఎరుక? సముద్రం చూసుకుంట పోనీకి మీ అమ్మ షికారు పోతుందా? నన్నడుగుండ్రి. ఆ కొండ మీద నేను మొయ్యని మేడ లేదు."

అందులో అబద్ధం లేదు. పాలమూరు నుంచి పెళ్లైన ఏడాదికే ఈ ఊరొచ్చి, ఆమె ముప్పై ఏళ్లు తట్ట మోసింది. కొండ మీద మేడలను ఇప్పటికీ అంతస్తుల లెక్కన గుర్తుపడుతుంది. ఫలానా మేడకు కింది ఏడు అంతస్తులు తనవే, పైవి వానలు పడ్డాక వేరే గుంపు చేసిందంటుంది. ఆ మోతగత్తెలకు దూరం కొలవడానికి మైళ్లు, నిమిషాలు లేవు. దమ్ముల లెక్క ఉంది. బరువుతో ఎక్కుతూ ఎక్కుతూ ఊపిరి అందక నిలబడిన చోటికి ఒక దమ్ము. ఆమె లెక్కలో బా ఇంటి కొండ మూడు దమ్ముల కొండ. మా ఇంట్లో కొలతల సంగతి వస్తే ఆమె మాటే ఆఖరు మాట, అల్మారా ఎక్కడ పడుతుందో కూడా ఆమే చెప్పాలి. అందుకని ఫోను లోపలికి పోయింది.

ఆదివారాలు నాకు సెలవు, ఆ పూట బాకు కింది అంతస్తు వాళ్లు తిండి పంపుతారు. ఆ ఆదివారం సరిగ్గా ఆరూ పదికి నలుగురం బయలుదేరాం. నా నెత్తిన చుట్టబట్ట, దాని మీద సగం నిండిన స్టీలు బిందె. ఒట్టి నెత్తితో నడిస్తే ఎక్కుడు తెలియదని మా అత్త పట్టుబట్టింది. ఎక్కడ దమ్ము తప్పుతుందో అక్కడ గుర్తు పెట్టుకోవాలి, అదీ ఆమె పద్ధతి. మా ఆయన చేతిగడియారం చూస్తూ నడిచాడు. కూతురు కాగితం, పెన్ను పట్టుకుని మాకు పది అడుగులు వెనక వచ్చింది.

"దగ్గరకు రావే," అన్నాను.

"నేను మీతోని లేను. ఎవరన్న అడిగితె నాకు మీరు ఎరుక లేదు."

నానా చౌక్ దాటాక పొద్దుటి నడకకు వచ్చిన దొరలూ దొరసానులూ ఎదురయ్యారు. ఒకాయన బిందె చూసి ఆగి, నీళ్లు చల్లగా ఉన్నాయా అని అడిగాడు, అమ్ముతున్నాననుకుని. మా అత్త ఏమాత్రం తడబడకుండా బిందె దింపించి ఆయన దోసిట్లో పోసింది. "తాగు బిడ్డా," అన్నది తెలుగులోనే. ఆయన తాగాడు కూడా.

బాబుల్‌నాథ్ గుడి దాటాక కొండ పక్కన చెట్ల మధ్యగా పైకి పోయే మెట్లదారి ఒకటుంది. మా అత్త మొహం అక్కడ వెలిగిపోయింది.

"ఇగో, ఇదీ దారి. బరువుతోని పోయేటోళ్లకు ఏటవాలు చడావ్ మంచిది కాదు. చడావ్ మీద కాలు జారుతది, మెడ వెనకకు గుంజుతది. మెట్టయితె కాలు సాపుగ పడుతది. మేము ఎన్నడు చడావ్ మీద పోలే."

మెట్లెక్కాం. నిజంగానే సరిగ్గా మూడు చోట్ల ఆగాల్సి వచ్చింది. ప్రతి చోటా కూతురు రాసుకుంది. పైకి చేరేసరికి ఫోను చూపించిన చుట్టుదారి కంటే ఎంతో కలిసొచ్చింది. నడకకు ఇంత పడితే సైకిలుకు ఇందులో సగమే పడుతుందని మా ఆయన లెక్కగట్టాడు. రోజూ సైకిలు మీద పనికి పోయే మనిషి, ఆయన కూడా "పక్కా!" అన్నాడు. కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. వంతెన, నానా చౌక్, గుడి, మెట్లు, మూడు దమ్ములు, బా ఇల్లు. ఇంటికొచ్చి పూరీలు చేసుకుని తిన్నాం, అంత సంబరం.

సోమవారం ఆరూ పన్నెండుకు సైకిలెక్కాను. మా ఆయనకు ఆ రోజు వర్లిలో పని, దారి వేరు. "ఎడమ పక్కనే ఉండు, ఎవడు హారన్ కొట్టినా గాబరా పడకు," అని చెప్పి పోయాడు. వంతెన ఎక్కుడు దగ్గర దిగి తోశాను. కూరగాయల బండ్లు, పాల వ్యాన్లు, స్టేషను నుంచి బిలబిలా వచ్చే జనం. దిగుడు మీద బ్రేకు నొక్కిన చేతులు తీయకుండా దిగాను. నానా చౌక్ దగ్గర మేము ఆదివారం నడిచిన చిన్న రోడ్డులోకి తిరగగానే ఎదురుగా బండ్లన్నీ నా మీదికే వచ్చాయి. హవల్దారు విజిలూదాడు.

"మావశీ! ఉల్టా వస్తున్నవ్! ఇది వన్‌వే!"

కాళ్లతో నడిచేవాళ్లకు వన్‌వే ఉంటుందా? మాకు ఆ ఆలోచనే రాలేదు. దిగి, పక్కకు తోసుకుంటూ ఆ రోడ్డు దాటాను. అయినా గుడి దాటేసరికి ఆరూ ముప్పై ఎనిమిది. గెలిచాననుకున్నాను. చెట్ల కిందికి తిరిగి, మెట్ల ముందు బ్రేకు వేశాను.

సైకిలు ముందు చక్రం మొదటి మెట్టుకు తగిలి ఆగింది. నేను ఆ మెట్లను చూశాను. మెట్లు నన్ను చూశాయి.

మెట్లు అని కాగితం మీద రాసి ఉంది. నలుగురం చదివాం. నలుగురం ఎక్కాం. ఇద్దరం తట్టలు మోసినవాళ్లం, ఒకరు రోజూ సైకిలు తొక్కేవాడు, ఒకరు కాలేజీ. సైకిలు మెట్లెక్కదని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకు నవ్వొచ్చింది. అట్లా ఒక్కదాన్నే నిలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. తర్వాత టైము గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చౌపాటి దారి పట్టుకుందామంటే ఆ దారి ఎట్లా పోతుందో నేను సరిగా చూడనే లేదు. ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే.

చున్నీ చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. బరువు నెత్తికెత్తాలంటే ఇంకో మనిషి చెయ్యి వేయాలి. తెల్లబూట్లు వేసుకుని పరిగెత్తుతూ వచ్చిన ఒక పెద్దాయనను ఆపాను.

"సాబ్, జర ఎత్తు పట్టండి."

ఆయన చెవుల్లోంచి వైర్లు తీసి, సైకిలు వైపు, నా నెత్తి వైపు మార్చి మార్చి చూశాడు. "దీన్నా? పైకా? ఎందుకు?"

"పైన పనుంది సాబ్."

పాపం మంచివాడు, ఇంకేం అడగకుండా ఎత్తాడు. సైకిలు తట్ట లాంటిది కాదు. హ్యాండిలు ఒకవైపు లాగుతుంది, పెడలు మొహం ముందు తిరుగుతుంటుంది, గంట దానంతటదే మోగుతుంది. అయినా మెట్టు మీద కాలు సాపుగా పడింది, ఆ మాటలో అత్త తప్పు లేదు. మొదటి దమ్ము, రెండో దమ్ము, మూడో దమ్ము. దింపితే మళ్లీ ఎత్తేవాళ్లు దొరకరని మూడు చోట్లా నిలబడే ఊపిరి తీసుకున్నాను.

మేడ గేటు దగ్గరికి పోయేసరికి వాచ్‌మన్ పెళ్లాం నోరు తెరిచింది. నాకంటే ముందు ఆమె కేక పైకి పోయింది. "బా! మీ వంటావిడ సైకిల్ని మోసుకొస్తోంది!"

గడియారంలో ఏడూ పన్నెండు. బా బాల్కనీలోంచి చూసి, నేను లోపలికి వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉంది. సూదిపెట్టె మూత తెరవలేదు. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కోపమేమో అనుకున్నాను. నవ్వు.

"అది నిన్ను మోయాలి కదా? నువ్వు దాన్ని మోస్తావేం?"

"మా అత్త చూపించిన దారి, బా."

"మీ అత్తకు నా నమస్కారం చెప్పు," అని నవ్వి, తర్వాత గొంతు మార్చింది. "పన్నెండు నిమిషాలు ఆలస్యం. ఇంకా ఎనిమిది రోజులున్నాయి."

కిందికి దిగినప్పుడు గేటు దగ్గర పావ్‌లు అమ్మే మనిషి తన సైకిలుకు గోనెపట్టా కట్టుకుంటున్నాడు. పెద్ద తట్ట నిండా రొట్టెలతో రోజూ కొండ ఎక్కే మనిషి. "సైకిల్ని నెత్తిన పెట్టుకుంది మీరేనా, దీదీ?" అన్నాడు. అప్పటికే ఆ కొండ మీద అందరికీ తెలిసిపోయిందన్నమాట. "ఆ మెట్లదారిన నేను వస్తే నా పావ్‌లన్నీ దొర్లుకుంటూ చౌపాటికి పోయేవి. సముద్రం పక్క నుంచి రండి. దూరమే గానీ రోడ్డు మెల్లగా ఎక్కుతుంది. ఆగి ఉన్న టాక్సీలకు చేతి దూరంలో పోండి, తలుపు ఎప్పుడు తెరుస్తారో వాళ్లకే తెలియదు. బస్సు మిమ్మల్ని దాటి ఎడమకు వస్తే మీరు ఆగిపోండి, దానితో పందెం వద్దు. మలుపు దగ్గర దిగి తోయండి. నేనూ దిగుతాను, సిగ్గేం లేదు."

ఇంటికొచ్చి చెప్తే కూతురు మంచం మీద పడి దొర్లింది. "ఫోను చెప్పలే? ఫోను మొదటి రోజే చెప్పలే?"

మా అత్త తమలపాకు మడిచి నోట్లో పెట్టుకుని నమిలింది. చివరకు, "మోసే దారి అడుగుతున్నరనుకున్న. తొక్కే దారి అని సరిగ్గ చెప్పాలె కద," అన్నది.

"సైకిలు అని చెప్తిమి కద అత్తా!"

"సైకిలు అన్నరు. నేనెన్నడన్న సైకిలెక్కిన్నా?"

కానీ ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు ఏడింటి బస్సులోనే పనికి పోయాను. మధ్యాహ్నం నేను రాగానే ఆమె చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది, చేతిలో నీళ్ల సీసా. ఇద్దరం బస్సులో చౌపాటి పోయాం. కట్టడం పనిలో డాబా మీద గచ్చు చేశాక వాటం సరిగా ఉందా లేదా అని నీళ్లు పోసి చూస్తారు. నీళ్లు ఎటు పోతున్నాయి, ఎంత వేగంగా పోతున్నాయి అన్నదే పరీక్ష. మా అత్త అదే పని ఆ పెద్ద రోడ్డు మీద చేసింది. సముద్రం ఒడ్డు నుంచి కొండ దాకా రెండు మూడు వందల అడుగులకు ఒకసారి ఫుట్‌పాత్ అంచున కూర్చుని, గుక్కెడు నీళ్లు రోడ్డు మీద పోసి, వంగి చూసింది. కార్లవాళ్లు చూశారు. పువ్వులమ్మే ఆమె, ఏదైనా మొక్కు తీర్చుకుంటోందేమో అనుకుని దండం పెట్టుకుంది.

"చూడు పిల్లా. ఈడ నీళ్లు నిలబడ్డయి. ఈడ బేఫికర్ తొక్కు. ఈడ మెల్లగ నడుస్తున్నయి, కాలు జోర్‌గ వెయ్యి. ఇగో, ఈ చింతచెట్టు కాడ నీళ్లు ఉరుకుతున్నయి. ఈడ నువ్వు దిగాలె. దిగి తోసుకపో. మళ్ల ఆ గోడ కాడ ఎక్కు."

కూతురు ఇంట్లో ఆ గుర్తులన్నీ కొత్త కాగితం మీద రాసింది. నానా చౌక్ దగ్గర వన్‌వే కూడా ఈసారి అడిగి తెలుసుకుని రాసింది.

బుధవారం ఏడూ నాలుగుకు చేరాను. గురువారం గొలుసు ఊడింది. చేతులు నల్లగా చేసుకుని ఏడూ పదికి చేరాను, బా సబ్బు అందించింది. శుక్రవారం సరిగ్గా ఏడు. ఒక టాక్సీవాడు తలుపు తీశాడు గానీ నేను చేతి దూరంలోనే ఉన్నాను. ఆ రోజే మొదటిసారి మెడ తిప్పి వెనక వస్తున్న బస్సును చూసి, ఆగి, దాన్ని పోనిచ్చాను. డ్రైవరు చెయ్యెత్తాడు. అది నమస్కారమో, పిచ్చిదానివని అన్నాడో తెలియదు. నేను మాత్రం నమస్కారమనే తీసుకున్నాను. శనివారం ఏడుకు మూడు నిమిషాలు తక్కువ. వారం మారి నెలాఖరు వచ్చేసరికి వంతెన ఎక్కుడు ఒక్కటి తప్ప చింతచెట్టు దాకా దిగకుండా రాగలుగుతున్నాను, ఏడుకు పది నిమిషాలుండగానే చేరుతున్నాను. చౌపాటి దగ్గర గాలి ఎదురైతే మాత్రం నడిచినంత మెల్లగానే పోతాను.

ఆఖరి రోజు నల్లా అరగంట ఆలస్యంగా వచ్చింది, అదీ సన్నగా. బిందె నిండేసరికి ఆరూ పదిహేడు. అత్త మిగిలిన బిందెను తనే లాక్కుని, "నువ్వు పో, నేను జూస్త," అన్నది. డెబ్బై దాటిన మనిషి చేత నీళ్లు మోయించానే అనుకుంటూనే సైకిలెక్కాను. ఆ రోజు వంతెన మీద దిగలేదు. చింతచెట్టు దగ్గర దిగి, సైకిలును తోస్తూ దాదాపు ఉరికాను. మళ్లీ గోడ దగ్గర ఎక్కాను. బా ఇంటి మెట్లెక్కుతూ ఊపిరందక గోడ పట్టుకున్నాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది, గొళ్లెం లేదు. బా బల్ల దగ్గర కూర్చుని ఉంది. సూదిపెట్టె తెరిచి ఉంది, పక్కన వాడిన దూది ఉండ.

"బా! అప్పుడే వేసుకున్నారా? నేను రాకముందే?"

"వేసుకున్నాను."

"నేను రాకపోతే?"

"బాల్కనీలోంచి చూశాను. చెట్టు దగ్గర దిగి తోస్తున్నావు. చెట్టు దాకా వచ్చినదానివి ఇంటికి రావా అనుకున్నాను." దూది ఉండ తీసి చెత్తబుట్టలో వేసింది. "ఆ మేడ వెనక వంటావిడకు వద్దని నిన్న సాయంత్రమే చెప్పించేశాను. ఇంకా నిలబడ్డావేం? నా అరగంట నడుస్తోంది."

చెయ్యి కడుక్కుని స్టవ్ వెలిగించాను. బా ఇష్టంగా తినే గుజరాతీ రొట్టెలు, మెంతి తెప్లాలకు పిండి ముందురోజే కలిపి పెట్టి పోయాను. మొదటి తెప్లా ఆమె పళ్లెంలో పడేసరికి ఇంకా ఏడు కాలేదు.